అమ్మకానికి ముస్తాబు

ఇవోన్ మా ఇంట్లో అడుగుపెట్టగానే చేసిన మొదటి పని, కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చడం.

"ఎవరింటి వాసన వాళ్లకి తెలీదండీ," అంది బూట్లు విప్పుకుంటూ. "నాకు తెలుస్తోంది. వేయించిన చేపా, పాత ఉన్నీ, ఎక్కడో కాస్త తడిసిన చెక్కా. తలుపు తీసిన నిమిషంలోనే కొనేవాళ్ల మనసు అటో ఇటో తేలిపోతుంది. మిగతా గంటంతా దానికి కారణాలు వెతుక్కుంటారు."

నా భర్త స్టెల్లన్‌కి ఆ మాట రుచించలేదు. "మనుషులున్న ఇల్లు మనుషుల వాసనే వేస్తుంది," అన్నాడు.

"వెయ్యాలి కూడా. కానీ వాళ్లు డబ్బిచ్చి కొనేది మీ వాసన కాదుగా!"

నాకు నవ్వొచ్చింది. స్టెల్లన్ నావైపు చూశాడు. నవ్వు మింగేసి కాఫీ పెట్టడానికి వెళ్లాను.

అది మార్చి నెలాఖరు. మా వెస్టర్విక్ ఊరి రేవులో ఒడ్డు వెంట మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. రేవుకి పైన, కొండవాలు మీద, పసుపు రంగు చెక్క ఇల్లు మాది. పడకగదీ స్నానాలగదీ రెండూ మేడమీదే. స్టెల్లన్‌కి తుంటి కీలు అరిగిపోయింది. ఒకసారి ఆపరేషన్ చేశారు, పూర్తిగా కుదురుకోలేదు. బళ్లో పిల్లలకి వడ్రంగం నేర్పిన మనిషి, జీవితమంతా నిలబడే పనిచేశాడు. ఆ చలికాలం మెట్లు దిగేటప్పుడు రెండు చేతులతో కమ్మీ పట్టుకుని పక్కకి తిరిగి దిగడం మొదలుపెట్టాడు. క్రిస్మస్ వెళ్లాక ఒకరోజు భోజనం దగ్గర, "లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటు చూద్దామా?" అని తనే అన్నాడు. నేను సరేనన్నాను. ఇల్లు అతనిది, అమ్మాలన్న మాటా అతనిదే అనుకున్నాను.

ఇళ్లు అమ్మిపెట్టడం ఇవోన్ వృత్తి. యాభై దాటి ఉంటాయి, పొట్టి మనిషి, మెళ్లో పెద్ద శాలువా. గది గదికీ తిరుగుతూ చెప్పుకుంటూ పోయింది.

"వంటిల్లు కొత్తది పెట్టించకండి, ఆ ఖర్చు తిరిగి రాదు. వచ్చేవాళ్లకి వాళ్ల ఇష్టాలుంటాయి. అల్మరా తలుపులకి రంగెయ్యండి, పిడులు మార్చండి, చాలు. ఆ కారే కుళాయి మాత్రం రేపటికల్లా బాగైపోవాలి. కుళాయి కారుతుంటే గోడల్లో కూడా ఏదో కారుతోందని భయపడతారు జనం. వీధి తలుపుకి మంచి రంగు. బల్బులన్నీ కొత్తవి. ఈ వాల్‌పేపర్..."

వంటింటి గోడల నిండా గోధుమరంగు మీద నారింజ పూలు, ఒక్కో పువ్వూ భోజనం పళ్లెమంత.

"ఇది పోవాలి," అంది.

మేడ మీద పడకగది కప్పుకి ఓ మూల నీటి మరక ఉంది. స్టెల్లన్ దాన్ని చూపించి, "దీనికి నేను రెండు పూతలేస్తాను," అన్నాడు.

"వెయ్యండి. కానీ ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడండి. తనిఖీకొచ్చే ఇంజనీరు తడి కొలిచే మిషను పెట్టాడంటే ఒక్క క్షణంలో దొరికిపోతాం. మరక దాచారని తెలిస్తే మీరు నిజం చెప్పినవి కూడా నమ్మరు. పెంకు మార్చాం, తూము బాగుచేశాం అని చెప్పుకోండి. అదే గొప్పగా వినిపిస్తుంది."

ఆమె పని తెలిసిన మనిషని స్టెల్లన్ అప్పుడు ఒప్పుకున్నాడు. నోటితో కాదు, బల్ల సొరుగులోంచి పెన్సిల్ తీసి చెవి వెనక పెట్టుకోవడంతో.

కిందికి దిగాక భోజనాల గది చివర మూసి ఉన్న తలుపు దగ్గర ఆగింది ఇవోన్. "ఇటు ఏముంది?"

"అది బార్బ్రూది," అన్నాడు స్టెల్లన్.

బార్బ్రూ అతని మొదటి భార్య. నేను ఈ ఇంటికొచ్చే నాటికే ఆమె పోయి మూడేళ్లయింది. తలుపు వెనక ఉన్నది అద్దాల వరండా. దాని నిండా ఆమె మగ్గం. మగ్గం మీద సగం నేసిన గుడ్డపీలికల తివాచీ. ఎండకి నూలు వెలిసిపోకుండా అద్దాలన్నింటికీ ఆమె దళసరి గుడ్డలు కట్టింది. అవి అలాగే ఉన్నాయి. వారానికోసారి లోపలికెళ్లి దుమ్ము దులిపి వచ్చేదాన్ని.

ఇవోన్ నేరుగా వెళ్లి ఒక గుడ్డ పక్కకి లాగింది. రేవు, పడవలు, వాటి వెనక దీవులు, ఆపైన తెల్లటి ఆకాశం, అన్నీ ఒక్కసారిగా గదిలోకి వచ్చిపడ్డాయి.

"ఓరి దేవుడా! ఇన్నేళ్లూ సముద్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారా?"

స్టెల్లన్ మగ్గం వైపు తిరిగాడు.

"మీ ఇంటిని అమ్మేది ఈ గదేనండీ. మగ్గం తీసెయ్యాలి," అంది మెల్లగా.

స్టెల్లన్ కుళాయి చూస్తానని వంటింట్లోకి వెళ్లిపోయాడు.

నేను ఆ ఇంటికి వచ్చిన రోజున, "ఇది నీ ఇల్లే మైలిస్," అన్నాడు స్టెల్లన్. మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఎక్కడ చెయ్యి పెట్టినా అక్కడ ఇంకొకరి చెయ్యి ముందే ఉండేది. ఓసారి చక్కెర డబ్బాని పొయ్యి పక్క నుంచి తీసి కిటికీ దగ్గర పెట్టాను. మర్నాటికి అది మళ్లీ పొయ్యి పక్కనే ఉంది. తను దాన్ని వెనక్కి పెట్టిన సంగతి స్టెల్లన్‌కే తెలీదు. అడిగితే తెల్లబోయేవాడు. అందుకే అడగలేదు. మా మధ్య ఏ పోట్లాటా లేదు. మంచి మనిషి, మంచి సంసారం. ఆ ఇంట్లో నేను పదిహేనేళ్లు మర్యాదగా బతికాను.

ఏప్రిల్ అంతా పనే. రంగుల కొట్లో తెలుపులు చూపించమంటే కుర్రవాడు ఓ పెద్ద అట్టపుస్తకం తెరిచాడు. తెలుపులో అన్ని తెలుపులుంటాయని నాకప్పటిదాకా తెలీదు. "చల్లటి తెలుపు వద్దు, ఆసుపత్రిలా ఉంటుంది. వెన్నలాంటిది తీసుకోండి," అని ఇవోన్ ముందే హెచ్చరించింది. నేను చాలాసేపు నిలబడి ఒకటి ఎంచుకున్నాను. స్టెల్లన్ దాన్ని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "నీకు బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. "అయితే అదే," అన్నాడు.

వంటింటి వాల్‌పేపర్ ఆవిరి పట్టి ఒలిచాం. నేను స్టూలెక్కి పైన ఒలుస్తున్నాను, అతను కుర్చీలో కూచుని కింద ఒలుస్తున్నాడు. రేడియోలో సముద్రం మీద గాలుల వార్తలు వస్తున్నాయి.

"ఓసా కడుపులో ఉన్నప్పుడు బార్బ్రూ అతికించింది దీన్ని," అన్నాడు ఉన్నట్టుండి. "ఏడో నెల. దిగమంటే నిచ్చెన దిగలేదు."

నా చేతిలో గోకుడు కత్తి ఆగిపోయింది.

"ఆపకు. తడి ఆరితే మళ్లీ రాదు," అన్నాడు, తల ఎత్తకుండా.

గోడలు తెల్లబడుతున్నకొద్దీ ఇంట్లో చప్పుళ్లు కూడా మారినట్టనిపించేది. పొద్దున్నే లేచి కాళ్లకి మేజోళ్లతో మెల్లగా కిందికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడేదాన్ని, చూడ్డానికే. అల్మరాలకి నీలం కలిసిన బూడిద రంగు వేశాను. పిడులు నేనే ఎంచాను. వీధి తలుపు ముదురాకుపచ్చ. పడక్కుర్చీల్లో రెండు, బల్లల్లో రెండు, లెక్కలేనన్ని పింగాణీ బొమ్మలు గ్యారేజీలోకి పోయాయి. "సగం తీసెయ్యండి. తీసేశాక మళ్లీ సగం తీసెయ్యండి," అనేది ఇవోన్.

ఒకరోజు అటక మీద వెతుకుతూ ఓ దీపం పట్టుకు దిగింది ఆమె. ఇత్తడి కాడ, పాలగాజు గొడుగు. "ఇదెవరిదండీ?"

"నాదే. పెళ్లికి ముందు నా ఫ్లాట్‌లో ఉండేది."

"ఇంత అందమైనదాన్ని అటక ఎందుకెక్కించారు?"

"చోటు లేక."

ఆమె పెద్ద గదిని ఓసారి కలయజూసింది. దీపాన్ని కిటికీ పక్కన బల్లమీద పెట్టి, వెనక్కి నడిచి చూసి, వెళ్లిపోయింది.

మగ్గం సంగతి మాత్రం ఎవరం ఎత్తడం లేదు. "ఓసా రానీ," అనేవాడు స్టెల్లన్. "ఓసా ఊరుకోదు," అని కూడా అనేవాడు. ఓసా అతని కూతురు. లిన్‌షోపింగ్ పట్నంలో ఆసుపత్రి నర్సు, నలభై దాటాయి. నాతో ఎప్పుడూ మర్యాదే, పేరు పెట్టి పిలుస్తుంది, పుట్టినరోజుకి పూలు పంపుతుంది. అంతకుమించి దగ్గరకీ రాలేదు, దూరమూ పోలేదు.

మే నెల మొదటి శనివారం ఓసా వచ్చింది. గుమ్మంలో బూట్లతోనే ఆగిపోయి వంటింటి వైపు చూసింది.

"పూలు పోయాయా?"

"పోయాయి," అన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"ఉదయం పూట వాటిని చూస్తూ అంబలి తాగాలంటే నాకు కడుపులో తిప్పేది తెలుసా?" అంటూ బూట్లు విప్పి లోపలికొచ్చింది. "నాన్నేడీ?"

నాన్న వరండాలో ఉన్నాడు, మగ్గం పక్కన, చేతిలో చెక్కసుత్తి పట్టుకుని. ఎంతసేపట్నుంచి అలా నిలబడ్డాడో. ఓసా వెళ్లి తివాచీ మీద అరచెయ్యి వేసి చూసింది.

"ఇదింకా ఇక్కడే ఉందా?"

"ముట్టుకోలేదు," అన్నాడు స్టెల్లన్. "ఎలా వదిలిందో అలాగే ఉంచాం. నువ్వే చెప్పు ఏం చెయ్యాలో. నీకిష్టం లేకపోతే ఇవోన్‌కి చెప్తాను, ఇలాగే చూపించుకోమని."

ఓసా తండ్రి మొహంలోకి చూసింది.

"నాన్నా, అమ్మకి ఈ తివాచీ అంటే ఒళ్లుమంట. పడుగు సరిగ్గా బిగించలేదు, అంచులు వంకరపోయాయి. ఫోన్ చేసినప్పుడల్లా దీన్ని తిట్టడమే. మొత్తం కోసి పారేసి మళ్లీ మొదలెడతానంది. ఆ లోపే ఒంట్లో బాగోక ఆసుపత్రికి వెళ్లింది."

"నాకు చెప్పలేదే."

"నువ్వు అడిగావా?"

స్టెల్లన్ సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నాకు బాగానే ఉందనిపించింది," అన్నాడు.

"కత్తెర ఉందా మైలిస్?" అంది ఓసా.

వంటింటి కత్తెర తెచ్చిచ్చాను. ఆమె వంగి పడుగు దారాలు గుప్పెడు గుప్పెడుగా కత్తిరించింది. బిగువు వదిలినప్పుడల్లా మగ్గం కిర్రుమంది. తివాచీని చుట్టి చంకన పెట్టుకుని, "కుక్కకి వేస్తాను. అమ్మ నవ్వుకుంటుంది," అంది. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో లేవు.

సాయంత్రం దాకా తండ్రీకూతుళ్లు మగ్గం విప్పారు. మేకుల్లేని పని, అన్నీ కొయ్యచీలలే. ఒక్కో చీలనీ తట్టి తీసి, "ఎంత చక్కగా కూర్చారో చూడు," అని ఓసాకి చూపించాడు స్టెల్లన్. ఊళ్లో నేతపని నేర్చుకునే ఆడవాళ్లు వ్యాను తెచ్చి పట్టుకెళ్లారు. అద్దాల మీది గుడ్డలు నేను విప్పాను. ఓసా ఖాళీ నేలమీద బాసింపట్టు వేసుకు కూచుంది.

"నువ్విక్కడ ఎప్పుడూ కూచోలేదా మైలిస్?"

"లేదు."

"ఎవరు వద్దన్నారు?"

ఆలోచించాను. ఎవరూ వద్దనలేదు.

కొనేవాళ్లకి ఇల్లు చూపించే ఆదివారానికి ఇంకా మూడు వారాలున్నాయి. ఆ మూడు వారాలు నేనెలా బతికానో చెప్పడం కష్టం. వరండాలో చిన్న గుండ్రబల్ల, రెండు కుర్చీలు వేశాం, అవీ ఇవోన్ చెప్పినట్టే, కొనేవాళ్ల కోసమే. కానీ పొద్దున్నే కాఫీ అక్కడికే తెచ్చుకునేవాళ్లం. బయట లైలాక్ పూలమొగ్గలు విచ్చుకుంటున్నాయి. నేల మీద ఎండ గళ్లుగళ్లుగా పడేది. దీవులకెళ్లే మొదటి పడవ రేవు దాటేదాకా స్టెల్లన్ మాట్లాడేవాడు కాదు. దాటాక మాట్లాడేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా అన్ని మాటలు చెప్పలేదు నాకు. చక్కెర డబ్బా కిటికీ గట్టుమీద పెట్టాను. అక్కడే ఉండిపోయింది.

అలా కూచున్నప్పుడు నాలో ఏదో పీకేది. ఎదురుగా ఉన్నదాని కోసమే బెంగ. కాఫీ చేతిలో ఉంది, మనిషి పక్కన ఉన్నాడు, సముద్రం కళ్లముందుంది, అయినా ప్రాణం కొట్టుకులాడేది. నలభై ఏళ్లప్పుడు కాకపోయినా యాభై ఏళ్లప్పుడైనా ఈ కుర్చీలో కూచుని ఉండాల్సినదాన్ని అనిపించేది. చలికాలం ఇక్కణ్ణుంచి మంచు ఎలా కనిపిస్తుందో నాకు తెలీదు. ఇక తెలియదు కూడా.

ఆదివారం ఇవోన్ మమ్మల్ని బయటికి పంపేసింది. "యజమానులు ఇంట్లో ఉంటే జనం గుసగుసలాడతారు, అల్మరాలు తెరవరు. వెళ్లండి. పళ్లు తోముకునే బ్రష్షులు కూడా పట్టుకుపొండి." రేవు దగ్గర కారాపి, ఫ్లాస్కులో కాఫీ, దాల్చినచెక్క బన్నులు పెట్టుకుని కొండమీది మా ఇంటిని చూస్తూ కూచున్నాం. జనం వస్తున్నారు, పోతున్నారు.

"ఆ పొడుగాయన రెండోసారి లోపలికెళ్లాడు," అన్నాడు స్టెల్లన్.

"ఆయన కొనడు. ఊరికే చూసేరకం. చూడు, ఆ కుర్రజంట ఎంతసేపట్నుంచి నిలబడ్డారో నా వరండాలో."

అన్నాక తెలిసింది ఏమన్నానో. స్టెల్లన్ నమలడం ఆపాడు. ఫ్లాస్కు మూత తిప్పి బిగించాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు.

మర్నాడు అతని ఫోన్ టింగుటింగుమంటూనే ఉంది. కొనేవాళ్లు ఒకరి మీద ఒకరు ధర పెంచుతున్నారు. మధ్యాహ్నానికి మిగిలింది కుర్రజంటే. ఇవోన్ ఫోన్ చేసి, రేపు సంతకాలు పెట్టుకోవచ్చంది.

స్టెల్లన్ ఫోన్ బల్లమీద బోర్లా పెట్టాడు.

"సంతకం అయ్యేదాకా ఏదీ ఖాయం కాదు మైలిస్. నువ్వు వద్దంటే ఇప్పుడే చెప్పేస్తాను."

"ఏం మాటలవి!"

"మాటలు కాదు. స్నానాలగది కిందికి తెచ్చుకుందాం. భోజనాల గదిలో మంచం వేసుకుందాం. వరండాకి ఓ పొయ్యి పెట్టిద్దాం, చలికాలం కూడా కూచోవచ్చు. నాకు చెక్కపని రాదా ఏంటి? ఉండు, గోడ కొలిచి చూపిస్తా," అంటూ లేచి, టేపు కోసం మేడ మీదికెళ్లాడు. గొంతులో కుర్రతనం వచ్చింది.

నేను అక్కడే కూచుండిపోయాను. పొయ్యి ఎక్కడ పెట్టాలో కూడా కనిపించింది. ఆ మూల. పక్కనే కట్టెల బుట్ట. బయట మంచు. అతనికో పుస్తకం, నాకో పుస్తకం.

ఎంతసేపైనా మనిషి రాలేదు. హాల్లోకి వెళ్లి చూశాను. మెట్ల మధ్యలో ఆగిపోయి ఉన్నాడు. నుదురు గోడకి ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని, పిడికిట్లో టేపు. నన్ను చూడలేదు. ఒక మెట్టు దిగాడు. ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. ఇంట్లో మెట్లే కాదు, వాకిట్లోవీ ఉన్నాయి, వీధిలోకి దిగే రాళ్లమెట్లూ ఉన్నాయి. అవన్నీ అతను లెక్కలోకి తీసుకోలేదు. నాకోసం తీసుకోలేదు.

చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పాను, గిన్నె కడుగుతున్నట్టు.

అతను వచ్చేటప్పటికి మొహం తుడుచుకుని, సర్దుకుని వచ్చాడు. "ఇదిగో టేపు. ముందు ఏ గోడ?"

"ఇవోన్‌కి ఫోన్ చెయ్యి. ఆ పిల్లలకే ఇచ్చేద్దాం," అన్నాను.

"నిజంగా అంటున్నావా?"

"మనం చూసిపెట్టుకున్న అపార్ట్‌మెంటుకి బాల్కనీ ఉందిగా."

"అక్కణ్ణుంచి పార్కింగ్ తప్ప ఏం కనపడదు."

"కనపడనీ. ఎవరొస్తున్నారో ఎవరు పోతున్నారో చూసి, రోజంతా నీకు చాడీలు చెప్తాను."

అతను నవ్వలేదు. టేపుని వేలితో నొక్కాడు, అది సర్రున లోపలికి పోయింది.

జూన్ చివర, మిడ్‌సమ్మర్ పండగ వెళ్లిన వారానికి తాళాలు అప్పగించాం. సామాన్లు అంతకుముందు రోజే వెళ్లిపోయాయి. నేల తుడిచి, కిటికీలు కడిగి, ఆఖరి చెత్తసంచీ కారులో పెట్టేసరికి కుర్రజంట వచ్చారు. అమ్మాయి పేరు ఫ్రీడా. ఖాళీ గదుల్లో గుండ్రంగా తిరుగుతూ, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడా తీసుకోవడం లేదు.

"ఎంత బావుందో! తలుపు తీయగానే తెలిసిపోయింది మాకు, ఇదేనని. మీరే చేశారటగా అన్నీ, ఇవోన్ చెప్పింది. ఈ రంగులు, ఈ పిడులు... ఇన్నేళ్లు ఎంత ప్రేమగా ఉంచుకున్నారో! మేం ఒక్కటి కూడా మార్చం. ఒట్టు. మీరు ఎలా ఉంచారో అలాగే ఉంచుకుంటాం."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, మాట ఆపేసింది.

"వద్దమ్మా. మార్చు," అన్నాను. "మొదటి వారంలోనే ఏదో ఒకటి మార్చు. రంగు నచ్చకపోతే వేరే రంగు వేసుకో. గోడ అడ్డమైతే పడగొట్టించు. నన్నెప్పుడైనా వీధిలో చూసినా మొహమాటపడకు. మొదట్లో మార్చకపోతే తర్వాత చెయ్యి రాదు."

ఆమె అయోమయంగా నవ్వి తలూపింది. తాళాలు ఆమె అరచేతిలో పెట్టి బయటికొచ్చాను.

స్టెల్లన్ కారులో బెల్టు పెట్టుకుని కూచుని ఉన్నాడు. "అంతసేపు ఏం చెప్పావు ఆ పిల్లకి?"

"కిటికీలు గట్టిగా లాగి మూయాలని."

కారు నేనే నడుపుతున్నాను. కొండవాలు దిగి మలుపు తిరిగే చోట వరండా పూర్తిగా కనిపిస్తుంది. తల తిప్పకూడదనుకుంటూనే తిప్పాను. ఫ్రీడా అద్దాల ముందు రెండు చేతులూ బారచాపి నిలబడి ఉంది. మొగుడు కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. తెరలకి కొలతలు తీసుకుంటున్నారు.

నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది. "కుడివైపు అద్దానికి మాత్రం తెర వద్దమ్మా, పొద్దున పడవ కనిపించేది అక్కణ్ణుంచే," అన్న మాట నోటిదాకా వచ్చింది. కారు అద్దం దించాను కూడా.

"ఏంటి, ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు స్టెల్లన్.

"లేదు," అని అద్దం ఎక్కించాను.